మా మేనమామ కొన్న గుర్రం

నా చిన్నప్పుడు మా మేనమామ నన్ను అయోమయంలో పడేసిన రోజొకటుంది. అప్పుడంటే పిల్లను, తికమకపడ్డాను సరే. మనవలను ఎత్తుకునే ఈ వయసులోనూ ఆ ముడి నాకు పూర్తిగా విడలేదు.

ఇటుకలు మోసి, తాపీ పట్టి, చివరికి హనుమకొండ చుట్టూ ప్లాట్లు చేసి అమ్మేంతవాడైన మనిషి మా మామ. హైదరాబాద్ పందేల్లో పరుగెత్తే గుర్రం కూడా ఉందాయనకు. ఇల్లు కట్టినవాళ్లున్నారు, కారు కొన్నవాళ్లున్నారు గానీ, పందెం గుర్రం కొన్నవాడు మా చుట్టాల్లో ఇంకెవరూ లేరు. అంతటివాడికి భయమంటే ఏమిటో తెలియదని నా నమ్మకం.

మా ఊరి బడి ఐదో తరగతితో సరి. ఆపైన చదవాలంటే హనుమకొండ హాస్టల్లో చేరాలి. నేను గుంజ పట్టుకుని మూడు రోజులు ఏడ్చాను. నాన్న విసిగిపోయి, "పోకుంటే పాయె, రేపటిసంది బర్ల కాడికి పో" అన్నాడు. హాస్టలంటే భయం, బడి మానాలంటే అంతకన్నా దిగులు. నాకేం కావాలో నాకే తెలియలేదు.

మరునాడు మామ వచ్చి నన్ను హసన్‌పర్తి తీసుకుపోయాడు. కాలు దెబ్బతిన్న గుర్రాన్ని అక్కడ తన షెడ్డులో కట్టించాడు. ధైర్యం గురించి ఏదో చెబుతాడనుకున్నాను. ఆయనేమో గడప దగ్గరే ఆగిపోయాడు. నుదుటి నిండా చెమట. అరచేతిలో బెల్లం ముక్క పెట్టుకుని చెయ్యి చాచాడు. గుర్రం తల వంచగానే కళ్లు గట్టిగా మూసుకున్నాడు, చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు.

"నీ గుర్రమే కద మామా, గింత భయమేంది?" అన్నాను.

"చిన్నగున్నప్పుడు టాంగా గుర్రం తన్నింది బిడ్డా. దీన్ని కొంటే భయం పోతదనుకున్న. జర గూడ పోలె."

"మరి అమ్మెయ్యరాదు?"

"ఎందుకమ్మాలె? నాకు ఇది పానం."

ఇష్టమూ భయమూ ఒకే గుర్రం మీద ఎలా ఉంటాయో నాకు బోధపడలేదు. నన్ను ఓదార్చాడో, ఆటపట్టించాడో అదీ తెలియలేదు. హాస్టల్ మాటే ఎత్తలేదాయన. ఇంటికొచ్చి పెట్టె సర్దుకున్నాను. ఎందుకంటే చెప్పలేను. హాస్టల్ గేటు దాకా ఏడుస్తూనే వెళ్లాను, లోపలికీ ఏడుస్తూనే వెళ్లాను.

మా మామ ధైర్యవంతుడో పిరికివాడో ఇప్పటికీ తేల్చుకోలేను. అయితే, భయం పోయాక చేద్దాంలే అని నేను ఏ పనినీ ఆపుకోలేదు. అది పోదని నాకు పదేళ్లకే తెలిసిపోయింది.