కొత్త సిస్టమూ, నాయన అంచులూ

ఈమధ్య ప్రతి ఉదయమూ కాఫీ గ్లాసుతో కంప్యూటరు ముందు కూర్చోగానే, తెర నిండా నీలంగా ఒక ప్రకటన వచ్చి నిలబడేది. మీ పాత సిస్టముకు కాలం చెల్లింది, ఇకమీద దాని బాగోగులు మేము చూడము, కొత్తదానికి మారండి అని దాని సారాంశం. కింద రెండు మీటలు, ఒకటి ఇప్పుడే అని, రెండోది తర్వాత అని. నేను రోజూ రెండోదే నొక్కి, ఆ పూటకు గండం గడిచిందనుకుని కాఫీ తాగేదాన్ని. నా ఈడువాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, కంప్యూటరులో మన తరానికి బాగా అర్థమైన మీట అదొక్కటే.

ధర్మవరంలో పట్టుచీరల అంచులకు డిజైన్లు గీయడం నా పని, అరవై దాటినా మానలేదు. నేను గీసింది అట్టలు కొట్టేవాళ్ళ దగ్గరికి పోతే వాళ్ళు ఆ లెక్కన అట్టల్లో రంధ్రాలు కొడతారు, ఆ అట్టలు మగ్గం మీది జకార్డు పెట్టెకెక్కి ఏ దారం లేవాలో, ఏ దారం పడుకోవాలో చెబుతాయి. ఆ గీతలు గీసే ప్రోగ్రామును చాలా ఏళ్ళ కిందట బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి మా కంప్యూటరులో ఎక్కించి వెళ్ళాడు. ఇప్పుడు ఆయనా లేడు, ఆయన కంపెనీ కూడా లేదు, కొత్త సిస్టములో అది నడుస్తుందో లేదో చెప్పే నాథుడూ లేడు. మా నాయన తన జీవితమంతా గీసిన అంచులు ఆ ప్రోగ్రాములో తప్ప ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు. నా భయమంతా అదే.

మారాలా వద్దా అని నేను అడగని మనిషి లేడు. చీరల ఫోటోలు గిరాకీలకు పంపే పని మా కోడలిది, పాత సిస్టములో అవేవీ సరిగా తెరుచుకోవని ఆమెకు విసుగు. "ఊరంతా మారినాక మనమొక్కరమే ఈడ్నే కూచుంటే ఎట్లత్తా?" అంటుంది. అట్టలు కొట్టే మా పిన్ని కొడుకేమో నడుస్తున్నదాన్ని కెలకవద్దన్నాడు. చివరికి కంప్యూటర్లు బాగుచేసే భాయిని పిలిపిస్తే, అతను పెట్టె విప్పి, చెవి ఆనించి విని, రోగి బంధువులతో డాక్టరు మాట్లాడినట్టు మాట్లాడాడు. "డిస్కు మూలగతాండాది అక్కా. ఇట్లే పెట్టుకుంటే ఒకపొద్దు అన్నీ ఎత్తుకోని పోతాది. కొత్త డిస్కు ఏస్తే కొత్త సిస్టమే ఎక్కించల్ల, అప్పుడు నీ ప్రోగ్రాము పోతాదేమో. నువ్వే చెప్పల్ల." చెప్పాల్సింది నేనే అయితే ఇతన్ని పిలిచిందెందుకో నాకు అర్థం కాలేదు.

కోడలు పాపం నా బాధ చూడలేక, నాయన డిజైన్లన్నిటికీ తెర మీదే ఫోన్‌తో ఫోటోలు తీసి, ఇంక దిగులుపడొద్దంది. ఫోటోలో నెమలి కనబడుతుంది గానీ, ఆ నెమలి తోకలో ఎన్నో గడిలో ఏ దారం లేస్తుందో కనబడదు కదా. ఆ ముక్క చెప్పి దాని ముఖం చిన్నబుచ్చడం ఇష్టంలేక ఊరుకున్నాను.

ఇలాంటి తికమక మా ఇంటికి కొత్తేమీ కాదు. నా చిన్నతనంలో నాయన మగ్గానికి జకార్డు లేదు. అప్పుడు అంచులో పువ్వు కాగితం మీద ఉండేది కాదు, అట్టల్లోనూ ఉండేది కాదు, మగ్గం పైనుంచి వేలాడే దారాల ముడుల్లోనే కట్టి ఉండేది. నేను పక్కన కూర్చుని ఆ దారాలను వరస ప్రకారం లాగుతుంటే నాయన నేసేవాడు, వరస తప్పితే నెమలి మెడ వంకరపోయేది, నా వీపు మీద ఒకటి పడేది. ఆ ముడులు వేసింది మా తాత. తర్వాత వీధిలో ఒకరి వెనక ఒకరు జకార్డు పెట్టించుకోవడం మొదలుపెట్టారు, అది పెట్టాలంటే పాత ముడులన్నీ కోసెయ్యాలి, కోస్తే తాత కట్టిన పువ్వు పోయినట్టే. నాయన ఏడాదికి పైగా తేల్చుకోలేకపోయాడు. పొద్దున పెట్టిద్దామనేవాడు, పొద్దుగూకేసరికి వద్దనేవాడు, మధ్యలో పెద్దనాయన దగ్గరికి సలహాకు పోయి ఇంకో రెండు అనుమానాలు మోసుకొచ్చేవాడు. ఆ ఏడు వానల్లేక చెనిక్కాయ చేలన్నీ మాడిపోయి, ఎవరి ముఖం చూసినా దిగులే కనబడేది, మా ఇంట్లో మాత్రం దిగులంతా ముడుల గురించే. అమ్మ విసిగి, "ఏందో ఒకటి తేల్చప్పా, నీ యవ్వారంతో ఇంట్లో సంగటి గూడా సయించల్యా" అని గట్టిగా అనేసింది.

తేల్చిన రోజు నాకు బాగా గుర్తు. మగ్గం మీది చీర పూర్తిచేసి షావుకారుకు పంపేశాక (మేము నేసిన చీరలు మా ఇంట్లో ఉండే రోజులు కావవి) నాయన కత్తెర పట్టుకున్నాడు. ఆ సంగతి ఎలా తెలిసిందో, వీధిలోని నేతగాళ్ళంతా మగ్గాలు దిగి వచ్చి మా ఇంట్లో గోడవారగా నిలబడ్డారు. ముడులు కోస్తూ నాయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నాయన ఏడవగా చూడడం నాకదే మొదలు. నేల మీద పడిన దారాల కుప్పను అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఊడ్చి ఎత్తింది. ఆ పూట మా పొయ్యి రాజలేదు, పక్కింటివాళ్ళు సంగటి, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి తెచ్చి పెట్టారు.

వారం తిరక్కుండానే నాయన గ్రాఫు కాగితాలు, పెన్సిలూ తెచ్చుకుని ఆ నెమలిని జ్ఞాపకం మీద గీయడానికి కూర్చున్నాడు. ఆకారం ఆయన కంటికి గుర్తుంది గానీ వరస గుర్తులేదు, వరస నా చేతులకు గుర్తుంది. లేని దారాలను గాలిలో లాగుతూ నేను చెబుతుంటే ఆయన గడి వెంట గడి నింపాడు. అంతా అయ్యాక దూరంగా పట్టుకుని చూసి, "అదే నెమిలి. అయినా అది కాదు పాపా" అన్నాడు. అలా మొదలుపెట్టి ఎన్ని అంచులు గీశాడో నేను లెక్కపెట్టలేదు.

నాకు నలభై దాటాక ఊళ్ళోకి కంప్యూటర్లొచ్చాయి. నేను నేర్చుకుని ఆ గ్రాఫులన్నీ గడి తప్పకుండా అందులోకి ఎక్కించాను. అప్పటికి బాగా ముసలివాడైన నాయన నా పక్కన కుర్చీ వేసుకుని, వరస తప్పకుండా కాగితం మీద చీపురుపుల్ల జరుపుకుంటూ గడులు చదివేవాడు. దీంట్లోకి చెదలు పోవు గదా అని ఒకటికి పదిసార్లు అడిగేవాడు. ఆయన పోయిన తర్వాత కాగితాలనూ, పాత అట్టలనూ నిజంగానే చెదలు తినేశాయి, నేను పెద్దగా బాధపడలేదు కూడా, అన్నీ కంప్యూటరులో ఉన్నాయన్న ధైర్యం.

మొన్న ఒక ఉదయం ఎంతసేపటికీ తెర వెలగలేదు. ఎలాగో వెలిగాక, ఇంక ఆలోచించే ఓపిక లేక భాయికి కబురుపెట్టాను. అతను వచ్చి ఫైళ్ళన్నీ కొత్త డిస్కులోకి ఎక్కించగానే, పాతది ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది, మళ్ళీ తిరగలేదు. ఆ తర్వాత తెర మీద ఒక చుక్కల చక్రం తిరుగుతూ కూర్చుంది. నేను దాన్నే చూస్తున్నాను. కోడలు వరండాలో ఎవరికో చీర రంగులు చెబుతోంది, వంటింట్లో కుక్కరు కూతపెట్టింది. మా వీధిలో ఎవరికీ తెలియదు, తెలిసినా దీనికి వచ్చి నిలబడేవాళ్ళెవరు.

కొత్త సిస్టము వచ్చింది, చాలా అందంగా ఉంది. నాయన డిజైన్ల ఫోల్డరు తెరిస్తే నెమలి అంచు, రుద్రాక్ష అంచు, కోటకొమ్ము, అన్నీ పేర్లతో సహా వరసగా ఉన్నాయి, కాకపోతే ఒక్కొక్క పేరు మీదా తెల్లకాగితం బొమ్మ. నెమలిని నొక్కాను. దీన్ని దేనితో తెరవమంటారు అని ఎంతో మర్యాదగా అడిగి, నేనెన్నడూ వినని పేర్లు కొన్ని చూపించింది. ఒక్కొక్కటే నొక్కాను, ఏదీ తెరవలేదు. బెంగుళూరాయన ఇచ్చిపోయిన పాత ప్రోగ్రాము సీడీ వేసి భాయి సాయంత్రందాకా కుస్తీ పట్టాడు, అది ఎక్కనే లేదు. పోతూ పోతూ, "ఉండాయి గదక్కా, యాడికీ పోల్యా" అన్నాడు. అదీ నిజమే.

ఇప్పుడు రోజూ ఒకసారి నొక్కుతాను, అది అదే ప్రశ్న అడుగుతుంది. పోయాయని ఏడుద్దామంటే పేర్లు కళ్ళెదురుగా ఉన్నాయి, ఉన్నాయని మురుద్దామంటే ఒక్కటీ తెరుచుకోదు. ఇంతకూ ఉన్నట్టా, పోయినట్టా అత్తా అని కోడలు అడిగితే మళ్ళీ ఒకసారి నెమలిని నొక్కాను. మన పెద్దల కాలంలో పోయింది పోయినట్టు తెలిసేది, నేల మీద కుప్పగా పడేది, ఊడ్చి ఎత్తేవాళ్ళం, నలుగురూ వచ్చి నిలబడేవాళ్ళు. పోయిందని తెలిసింది కాబట్టే నాయన వారం తిరక్కుండా పెన్సిలు పట్టుకోగలిగాడు. నాకు ఆ మాట చెప్పేవాళ్ళు లేరు.