విస్తరి మీద అడ్డం పెట్టిన చేతులు

భీమమ్మ హోటల్లో ఆకలితో లేచినవాడు లేడు. కడుపుకు పట్టినంత తిని లేచినవాడూ లేడు, పట్టనంత తినే లేచేవాడు. ఎమ్మిగనూరు బస్టాండుకు ఎదురుగా, రేకుల కప్పు కింద నాలుగు బల్లలు, పైన నీలం రంగు బోర్డు మీద ‘మలయా హోటల్’ అని పెద్ద అక్షరాలు. ఇప్పుడా దేశం పేరు మలేషియా అని, మార్చి రాయించమని ఎవరో చదువుకున్నాయన చెబితే ఆమె ఒప్పుకోలేదు.

“నేను పుట్టినప్పుడు మలయానే అప్పా. నాకు అలవాటు లేని పేరు నా బోర్డు మీద ఏమిటికి?” అంది.

ఆమె పుట్టింది అక్కడి రబ్బరు తోటలో. పెద్దకడుబూరు పక్క పల్లె నుంచి కరువు కాలంలో ఓడెక్కిపోయిన కుటుంబం వాళ్ళది. జపాను సైన్యం వచ్చిన రోజుల్లో తోటల్లో బియ్యం గింజ కనిపించలేదు. మూడు పూటలా ఉడికించిన కర్రపెండలమే. “అన్నం పెట్టక్కా” అని అడిగి అడిగి ఆమె తమ్ముడు ఒక వానాకాలంలో కన్ను మూశాడు. పిల్లవాడి ముందున్న ఖాళీ పళ్ళెం ఆమెకు జీవితాంతం కళ్ళలోనే ఉండిపోయింది. పెద్దయ్యాక పినాంగులో ఒక హోటల్లో వంటకు కుదిరింది. భర్త పోయాక, పౌరసత్వం లేనివాళ్ళకు అక్కడ పని దొరకడం గగనమైనప్పుడు, తానెన్నడూ చూడని సొంత ఊరికి వచ్చి పడింది. వచ్చింది పంతొమ్మిది వందల డెబ్బైలో. పెద్దకడుబూరు పక్కన చుట్టాలెవరూ మిగల్లేదని తెలిసి, వచ్చిన బస్సే ఎక్కి ఎమ్మిగనూరులో దిగింది.

ఆమె చేతి కొబ్బరిపాల అన్నం కోసం ఆదోని పత్తి వ్యాపారులు కూడా దిగి వచ్చేవాళ్ళు. మైదాపిండిని గాల్లోకి విసిరి సాగదీసి, నూనెలో ముంచి తీసిన పరోటాలు. వేరుశనగ పప్పు నూరి, బెల్లం కలిపి చిక్కగా కాచిన పులుసు. డబ్బాపాలు పోసి, మూరెడు ఎత్తు నుంచి నురుగు వచ్చేలా తిరగపోసిన టీ. జొన్నరొట్టె తిని తిని విసిగిన నోళ్ళకు అంతకంటే ఏం కావాలి?

ఇక వడ్డన సంగతి. మన వైపు మర్యాద ఒకటుంది. తినేవాడు సిగ్గుకొద్దీ చాలంటూ విస్తరి మీద చేతులు అడ్డం పెడతాడు. వడ్డించేవాళ్ళు ఆ మాట పట్టించుకోకూడదు. చేతుల సందులోంచైనా సరే ఒక గరిటె జారవిడవాలి. అడ్డం పెట్టగానే ఆగిపోయామో, ‘పెట్టే మనసు లేదు వీళ్ళకు’ అనుకుని లేచిపోతాడు. ఈ మర్యాద భీమమ్మకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. తమ్ముడికి పెట్టలేని అన్నమంతా ఆమె ఈ ఊళ్ళో కనబడ్డ ప్రతివాడి విస్తట్లోనూ వేసింది.

అందరికంటే ఎక్కువ ఏసన్నకు వేసింది. ఏసన్న ఆదోని బస్సు డ్రైవరు. రోజూ మధ్యాహ్నం బండి నిలిపి నేరుగా వచ్చి మూల బల్ల దగ్గర కూర్చునేవాడు. మొదటి రోజే “అన్నం పెట్టక్కా” అన్నాడు. ఎవరైనా అనే మాటే. అయినా ఆ పూట భీమమ్మ వంటింట్లోకి పోయి కళ్ళు తుడుచుకుంది. అప్పటినుంచి ఏసన్నకు అడుగున మీగడలా పేరుకున్న కొబ్బరిపాల అన్నం, పైన రెండు పరోటాలు, పోయేటప్పుడు పెద్ద గ్లాసు టీ. అలా ఏడేళ్ళు నడిచింది. ఏసన్న పొట్ట స్టీరింగుకు తగిలేంత పెరిగింది. అది చూసి భీమమ్మ మురిసిపోయింది కూడా.

ఉన్నట్టుండి అతను విస్తరి మీద చేతులు అడ్డం పెట్టడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి కాదు, రెండూ. “వద్దక్కా, నిజంగా వద్దు” అన్నాడు. భీమమ్మ నవ్వి, వేళ్ళ సందులోంచి వేసింది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఒకనాడు అతను సగం అన్నం వదిలేసి లేచాడు. ఆ మరుసటి రోజు నుంచి హోటలు గడప తొక్కలేదు. ఎదురుగా బస్సు ఆగడం, అతను కిందికి దిగకుండా సీట్లోనే కూర్చుని ఉండటం ఆమెకు కనిపిస్తూనే ఉంది.

“నా కూడు సేదైపోయిందేమో ఆయప్పకు” అని రుసరుసలాడింది. మూడు రోజులు పంతం పట్టింది. నాలుగో రోజు ఆ బస్సు కండక్టరు హనుమన్న టీకి వస్తే పట్టుకుని అడిగింది.

హనుమన్న అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “నీకు తెల్దా అవ్వా? ఆయనకు సక్కెర జబ్బంట. మొన్న దోవలో కండ్లు తిరిగి సేన్ల పక్కన బండి ఆపేసినాడు. డిపోలో డాక్టరు సూసి, రెండు నెలల్లో జబ్బు అదుపులోకి రాకపోతే స్టీరింగు ముట్టనియ్యం అన్నాడంట. బండ్లు కడిగే పనికి పోవాల్సిందే.”

భీమమ్మ గరిటె అక్కడే పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాటి బస్సెక్కింది. డ్రైవరు సీటు వెనక నిలబడింది. ఏసన్న ఒళ్ళో బిస్కెట్ల పొట్లం.

“ఏమప్పా, ఇదా నీ మధ్యాన్నం కూడు?”

“ఏం సేయమంటావక్కా. యాడ కూసున్నా ఇదే గోస. వద్దంటే ఇంకా ఏస్తారు. తినకుంటే కోపం. అందుకే యాడికీ పోతాలేను.”

“ఇట్ల కడుపు మాడ్సుకొని బండి నడిపితే ఇంకా తిరగవా కండ్లు? ఇంతమందిని గుంతలో పడేస్తావా? నాకు సెప్పకూడదా?”

ఏసన్న తల తిప్పి ఆమె ముఖంలోకి చూశాడు. “సెప్పినాను గదక్కా. రెండు సేతులూ అడ్డం పెట్టినాను. ఇంకెట్ల సెప్పాల?”

నిజమే, ఇంకెలా చెప్పాలి? వద్దన్న మాటకు మన ఊళ్ళో వేరే సైగ ఏముంది గనక? తన చేత్తోనే వాడికి జబ్బు వడ్డించానా అనుకుంది భీమమ్మ. “రేపు రా. నా మీద నమ్మకముంటే రా” అని మాత్రం అని బస్సు దిగింది.

ఆ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని పినాంగు హోటలును తలుచుకుంది. అక్కడ వంటకాలన్నీ వేరువేరు తట్టల్లో పెట్టేవాళ్ళు. వచ్చినవాడు వేలు చూపిన కూరే పళ్ళెంలోకి వచ్చేది. అన్నం ఒక చిన్న గిన్నెకు నింపి బోర్లించేవాళ్ళు. తోటలో ఆమె తల్లి వండిన చప్పిడి కూరలు, ఆకులో చుట్టి కాల్చిన చేపలు, అవీ మలయా వంటలే కదా! ఇక్కడికొచ్చాక కొబ్బరి, నూనె, చక్కెర తగిలినవే బోర్డు కింద పెట్టి అమ్మింది. మిగతావి బీదవాళ్ళ తిండని, ఎవరు తింటారని, తానే దాచేసింది.

మర్నాడు పొద్దున్నే కాలువ గట్టుకు పోయి తూటికూర కోసుకొచ్చింది.

“అది ఎనుములు మేసే ఆకు గదమ్మా!” అని పక్క కొట్టు ఉచ్చీరమ్మ బుగ్గలు నొక్కుకుంది.

“ఆ దేశంలో మేమంతా ఎనుములమే, పో” అంది భీమమ్మ.

ఆ మధ్యాహ్నం ఏసన్న విస్తట్లో చిన్న గిన్నె బోర్లించిన తెల్లన్నం, వెల్లుల్లి వేసి మగ్గించిన తూటికూర, అరిటాకులో చుట్టి పెనం మీద కాల్చిన తుంగభద్ర చేప, దోసకాయ చక్రాలు పడ్డాయి. వేరుశనగ పులుసు బెల్లం లేకుండా, అంచున ఒక్క చెంచా. టీలో డబ్బాపాలు లేవు. ఏసన్న అనుమానంగా ముట్టి, తర్వాత ఆవురావురుమంటూ తిన్నాడు. అన్నం అయిపోయింది. విస్తరి ఖాళీ అయింది.

ఆ ఖాళీ చూడగానే భీమమ్మ చెయ్యి దానంతటదే గరిటె నింపుకుని లేచింది. ఏసన్న రెండు చేతులూ అడ్డం పెట్టాడు. గరిటె గాల్లో ఆగిపోయింది. ఆగడానికి ఆమె ఎంత కష్టపడిందో, ఎదురుగా కూర్చున్న ఏసన్నకే తెలుసు. అన్నం తిరిగి గుండిగలో వేసి గిర్రున లోపలికి పోయింది.

ఇక మిగతావాళ్ళతో వచ్చింది తంటా. ఏసన్న దగ్గర ఆగడం అలవాటై, దేవనకొండ నుంచి వచ్చిన సుంకప్ప మర్యాదకు చెయ్యి అడ్డం పెడితే అక్కడా ఆగిపోయింది. “ఏమమ్మో, గొడ్డు లెక్క పనిచేసి వస్తే గింజలు ఎంచి పెడతాండావే!” అని ఆయన ఒంటికాలిమీద లేచాడు. ఒకరి దగ్గర పొయ్యాలి, ఒకరి దగ్గర ఆగాలి. ఈ వయసులో వడ్డన మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవడమే అయింది పాపం.

రెండు నెలలు గడిచాయి. డిపో డాక్టరు మళ్ళీ పరీక్ష చేసే రోజు భీమమ్మ పరోటాలు రెండుసార్లు మాడబెట్టింది. మరునాడు మధ్యాహ్నం ఆదోని బస్సు మలుపులోంచే హారన్ మోగిస్తూ వచ్చింది. దాన్ని నడుపుతున్నది ఏసన్నే. దూకినట్టే దిగి లోపలికొచ్చి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు.

“గెలిసినామక్కా! స్టీరింగు నాదే. ఈ ఒక్క పూట కొబ్బరిపాల అన్నం పెట్టు, ముందు లెక్కనే, నిండా.”

నాలుగు బల్లల వాళ్ళూ “పెట్టవ్వా, పెట్టు” అన్నారు. భీమమ్మ విస్తరి వేసింది. నీళ్ళు చిలకరించింది. తర్వాత తన రెండు చేతులూ దాని మీద అడ్డం పెట్టింది.

ఏసన్న పడీపడీ నవ్వాడు. పక్కనున్న గుండిగలోంచి గరిటెడు అన్నం తీసి, అచ్చం ఆమెలాగే వేళ్ళ సందులోంచి జారవిడవబోయాడు. పొగలు కక్కే అన్నం ఆమె వేళ్ళ మీద పడింది. ఆమె చేతులు తీయలేదు.

“కాల్తాందక్కా, తీయి.”

“అన్నం పెట్టక్కా అని అడిగినోన్ని ఒకన్ని పోగొట్టుకున్నా. నిన్ను పెట్టి పోగొట్టుకోలేనప్పా.”

ఏసన్న నవ్వు ఆగిపోయింది. గరిటె గుండిగలో పెట్టి, ఆమె వేళ్ళ మీది మెతుకులు ఒక్కొక్కటే తీశాడు. తర్వాత చిన్న గిన్నె తానే తెచ్చుకుని ఆమె ముందు పెట్టాడు.

“దీంతోనే పెట్టక్కా” అన్నాడు.