తప్పు దొరికితే బజ్జీలు

పాలకీడు సైదయ్య కూతురు విజయకు తప్పు దొరికితే పండగ. తన తప్పయినా సరే, ఇంకొకరిదైతే మరీను. కోదాడలో ఎం.సి.ఏ. చదివి, మిర్యాలగూడలో టైర్ల దుకాణం పైనున్న నాలుగు కంప్యూటర్ల ఆఫీసులో చేరింది. ఆమె నవ్వు కింది దుకాణం దాకా వినబడేది. వినబడిందంటే పైన ఎవరిదో ప్రోగ్రాము మునిగిందని టైర్ల వాళ్లకు కూడా తెలిసిపోయేది. మునిగినవాడు మొహం వేలాడేస్తే విజయ తన డబ్బులతోనే మిర్చి బజ్జీలు తెప్పించేది.

"ఈడ దొరికింది, మంచిదాయె. గాడ గిరాకీల ముందు దొరికితే తిట్లు తింటుంటిమి," అనేది.

2011 యాసంగి కోతలకు ముందు ఆఫీసుకు ఒక రైసు మిల్లు పని వచ్చింది. వడ్ల ట్రాక్టర్లు మిల్లు ఆవరణలో పన్నెండుకు మించి పట్టవు. వచ్చే గేటు దగ్గర ఒక యంత్రం, పోయే గేటు దగ్గర ఒక యంత్రం పెడతారు. వచ్చినవాటిని కలిపి, పోయినవాటిని తీసేసి, లోపల పన్నెండు నిండగానే ప్రోగ్రాము ఎర్ర దీపం వెలిగించాలి. లేకపోతే పచ్చ దీపం. ఇంత చిన్నదాంట్లో తప్పేముంటుందని ఆఫీసు యజమాని మురళీధర్ ధీమా. విజయకు ఆ ధీమా చూస్తేనే చేతులు దురద పెట్టాయి. ప్రోగ్రామును పరీక్షించడానికి ఇంకో ప్రోగ్రాము రాస్తానంది. మనిషి కూర్చుంటే పది రకాలుగా చూస్తాడు. ఇది వేల రకాలుగా చూస్తుంది. రెండు బండ్లు ఒకేసారి వస్తే, ఒకటి సగం దూరి వెనక్కి మళ్లితే, నడుమ కరెంటు పోతే, ఇలా జరగగల వరుసలన్నీ తనే పుట్టించి, నడిపించి, లెక్క చెడినచోట ఆగి చూపిస్తుంది.

మురళీధర్‌ది కోదాడ అవతల, ఆంధ్ర వైపు. "కాపలావాడికి కాపలా ఏంటమ్మా? సరే, పది రోజులిస్తున్నా. సోమవారం మిల్లు సేటు ముందు ఒక్క తప్పు బయటపడిందో, నీ ప్రోగ్రాము తీసేసి నువ్వు అప్లికేషన్లు టైపు చేసుకోవాలి," అన్నాడు.

పొద్దస్తమానం అప్లికేషన్లు కొట్టడమంటే విజయకు బతికుండగానే మట్టిలో కప్పెట్టినట్టు. అయినా తలూపింది.

రెండో రోజే దొరికింది మొదటి తప్పు. కరెంటు పోయి వస్తే లెక్క సున్నకు పడిపోతోంది. బజ్జీలు. అయిదో రోజు ఇంకోటి. వెనక్కి మళ్లిన బండిని రెండుగా లెక్కపెడుతోంది. మళ్లీ బజ్జీలు. ఆదివారం మధ్యాహ్నానికి అరవై వేల వరుసలు నడిచాయి, తప్పు ఒక్కటీ లేదు. విజయ కుర్చీలో కూర్చుని గిర్రున మూడుసార్లు తిరిగింది. ఊరి బస్సెక్కి, పట్టలేక పక్క సీటు ముసలమ్మకు కూడా చెప్పింది.

"పెండ్లి ఖాయమైందా బిడ్డా?" అంది ముసలమ్మ. అంతకంటే ఎక్కువేనంది విజయ.

ఇంటికి వచ్చేసరికి సైదయ్య మేత నుంచి గొర్రెలను తోలుకొచ్చి, దొడ్డిలో ఉంచిన పిల్లలను వదులుతున్నాడు. పిల్లలు అరుచుకుంటూ ఉరికి, ఏ పిల్ల దాని తల్లి కిందికి అది దూరిపోతోంది. విజయ చెప్పుకుపోతూనే ఉంది.

"ఎన్ని వచ్చినయ్, ఎన్ని పోయినయ్, గంతే నాయినా. లెక్క సరిపోయిందంటే ఖతం."

సైదయ్య ఒక పిల్లను తల్లివైపు మళ్లించాడు. "లెక్క సరిపోతే ఏమున్నది బిడ్డా? నిరుడు కాల్వ కాడ పక్క మంద కలిసింది. మనయి రెండు అటువోయినయ్, వాళ్లయి రెండు ఇటొచ్చినయ్. లెక్క సరిగ్గనే ఉండె. పిల్లలను ఇడిస్తే తల్లులు తన్నినయ్. అప్పుడు ఎరుకైంది."

వచ్చినదీ పోయినదీ ఒకటేనా అని విజయ ప్రోగ్రాము ఎన్నడూ అడగలేదు. మిల్లులో జరిగేది ఆమెకు తెలియంది కాదు. హమాలీలు వడ్లు దించేదాకా ఏ రైతు ఆగుతాడు? ట్రాలీని అక్కడే విడిచి, ఒట్టి ఇంజనుతో ఇంకో ట్రాలీ కోసం పొలానికి పోతాడు. ఒకటి వచ్చింది, ఒకటి పోయింది, లెక్క సున్న. ట్రాలీ మాత్రం లోపలే. ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే అప్లికేషన్లు గుర్తుకొచ్చాయి.

సోమవారం మొదటి బస్సుకే వచ్చి, ఇంజను వేరు, ట్రాలీ వేరు అని తన ప్రోగ్రాముకు నేర్పింది. కనురెప్ప పాటులో తప్పు పట్టేసింది. తెర మీది ఆవరణలో పన్నెండు ట్రాలీలు కిక్కిరిసి ఉన్నాయి, లెక్క సున్న, గేటుకు పచ్చ దీపం.

మురళీధర్ చూసి నెత్తి పట్టుకున్నాడు. "మూసెయ్యమ్మా. ముందు బిగించేద్దాం, తర్వాత చూసుకుందాం."

మూసెయ్యాలనే విజయ చెయ్యి చాపింది. మూస్తే అప్లికేషన్లు తప్పుతాయి. కానీ పచ్చ దీపం వెలిగించి పదమూడోదాన్ని రమ్మంటున్న ఆ తెర చూస్తే నవ్వాగలేదు. గడపలో సేటు నిలబడి ఉన్నాడు.

"ఏమైందమ్మా, గంతగనం నవ్వుతున్నవ్?"

విజయ చెప్పేసింది, ఒక్కటీ దాచకుండా. సేటు తెర దగ్గరికి వంగి పన్నెండు ట్రాలీలనూ వేలితో లెక్కపెట్టాడు.

"నిరుడు గిట్లనే జామైంది," అన్నాడు. "వాచ్‌మన్ గేమ్యా గోడ మీద సుద్ద గీతలు సూపెట్టిండు. వచ్చినయన్ని పోయినయ్ సేటూ అన్నడు. తాగి గీసినవని నౌకరీలకెల్లి తీసేసిన."

సేటు మురళీధర్ వైపు తిరిగాడు. "ఈ పిల్ల తప్పుల్లేవనేదాక గేటుకు మషీను బిగించకుండ్రి."

"ఎన్ని రోజులు కావాలమ్మా?" అన్నాడు మురళీధర్. ఆ గొంతులో అప్లికేషన్ల ఊసు లేదు.

సేటు అక్కడే ఫోను కలిపి, స్పీకరు పెట్టాడు. "గేమ్యా, నీ గీతలు సరిగ్గనే ఉండె. నాదే తప్పు. రేపటికెల్లి పనికి రా."

అవతలి నుంచి ముసలి గొంతు మెల్లగా అడిగింది. "మషీను పెడుతున్నరట గద సేటూ. ఇగ నేనెందుకు?"

విజయ ఫోను అందుకుంది.

"ట్రాలీని ఇడిసిపోయిండా, తీస్కపోయిండా మషీనుకు కనబడది తాతా. అది నువ్వే సెప్పాలె."