చుట్టూ చూసి నొక్కిన బొత్తాం

తొంభైల మధ్యలో ఆఫీసు పనిమీద భిలాయి వెళ్ళాను. రెండు రోజులుగా సరైన నిద్ర లేదు. తిరుగు రైలు సాయంత్రానికి గాని లేదు. సెక్టర్ 6లో ఒక బడి హాల్లో ఢిల్లీ నుంచి వచ్చిన జాతీయ సంచార మ్యూజియం పెట్టారంటే, ఫ్యాన్లుంటాయి కదా అని వెళ్ళాను. అడవి పిట్టల కూతలు, గోండుల డోళ్ళు, ఇనుప గని, ఏదైనా బొత్తాం నొక్కి చూడాలి. నాకు ఏదీ చూడాలని లేదు. గని నమూనా పెట్టిన బల్ల వెనక తెలుగు పేపరు పరుచుకుని చతికిలబడ్డాను.

ఒక పెద్దాయన బొత్తాం దాకా వచ్చి, నొక్కకుండా బల్ల చుట్టూ తిరిగి వెనక ఉన్న నా దగ్గరికి వచ్చారు. పేపరు చూసి తెలుగులోనే అన్నారు.

"లెగండి బాబూ. బండి కదుల్తాది."

నమూనాలో ఉన్నది అరచేతంత బండి. "బొమ్మే కదండీ," అన్నాను విసుగ్గా.

"బొమ్మే బాబూ. అయినా లెగండి."

బొత్తాం కోసం వరసలో నిలబడ్డవాళ్ళు నవ్వారు. లేచాను. ఆయన చెయ్యెత్తి, "హటో భయ్యా," తప్పుకోండని అందరికీ వినబడేలా కేకేశారు. తర్వాత నాకు మాత్రమే వినబడేలా చెప్పారు.

"ఇక్కడి స్టీలు ప్లాంటు రోలింగ్ మిల్లులో చేసినాను బాబూ. ఒక్కపాలి వెనక సూడకుండా నొక్కీసినాను. మా తమ్ముడు అక్కడ కూకొని అన్నం తింటన్నాడు."

బల్ల ముందుకెళ్ళి బొత్తాం నొక్కారు. బండి బెత్తెడు దూరం కదిలి ఆగింది. ఆయన చూపు మాత్రం నేను లేచిన చోటనే ఉంది.