నిద్రపోకూడని ల్యాప్‌టాప్

సార్పాంగ్ మామకు లోకంలో ఒక్కటే భయం. తన ల్యాప్‌టాప్ నిద్రపోతుందేమోనని.

ఘానాలోని కుమాసి ఊళ్లో సగం చావుల్లో పాటలు పెట్టేది ఆయనే. పాట సాగినంతసేపూ బాధ లేదు. ప్రసంగాలకో ప్రార్థనకో ఆపితే మాత్రం తెర నల్లబడుతుంది. మళ్లీ లేపితే అన్నీ లేస్తాయి, బ్లూటూత్ తప్ప. దాని గుర్తు కూడా కనిపించదు. మనిషెత్తు స్పీకర్లు మూగగా నిలబడతాయి. అందుకే ఆయన కుడిచేత్తో ఫుఫు ముద్ద తింటూ ఎడమచేత్తో ల్యాప్‌టాప్‌ని తడుతూ ఉంటాడు. ఒకసారి పాదరీగారు "శాశ్వత నిద్ర" అనగానే వెనకనుంచి, "ఆ మాట దీని ముందు వద్దు, అయ్యగారూ" అన్నాడట.

ఆ కథ విని అదే ఊరి సెర్వా కూడా ఒకప్పుడు నవ్వింది. ఈ శనివారం ఆ స్పీకర్లు ఆమె ఇంటికే వచ్చాయి.

వాన. షామియానా అంచునుంచి నీళ్లు కారుతున్నాయి. సెర్వా నల్లబట్ట కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. వచ్చినవాళ్లు వరసగా చెయ్యి కలిపి పోతున్నారు. మంచం పట్టిన భర్త ద్వోమో కాళ్లు ఏడాదిపాటు ఒత్తిన చేతులు ఆమెవి. ఎవరూ పట్టుకోనప్పుడు వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొద్దున శవపెట్టెను గోతిలోకి దించినప్పుడు మొదలైన వణుకు ఇంకా ఆగలేదు. సాయంత్రం దాకా ఇలా కూర్చోవడం తనవల్ల కాదనిపించింది.

పెద్దలు మాట్లాడాలని పాట ఆపారు. సార్పాంగ్ మామ నేరుగా ఆమె దగ్గరికి వచ్చాడు.

"సెర్వా, ఇలా రా. నా ల్యాప్‌టాప్‌ని కాస్త చూస్తూ ఉండు."

"నేనా? మామా, ఇవాళ మా ఆయన్ని పూడ్చాం."

"తెలుసమ్మా. ఆయన్ని లేపలేం. దీన్నైనా పడుకోనివ్వకు."

ఆడపడుచు కొనాదు ముఖం చిట్లించింది. "ముసలాయనకి మతి పోయింది. మొగుడు పోయినదానితో చేయించే పనా ఇది?"

"నీకిద్దామంటే నీ నోరు ఆగదు, చెయ్యి ఆగిపోతుంది," అన్నాడు మామ.

సెర్వా కోపంగానే వెళ్లి దాని ముందు కూర్చుంది. చెయ్యి కలపడానికి వచ్చినవాళ్లను ఆయన "పనిలో ఉంది" అని వెనక్కి పంపాడు. ఆమె వేలు కదిపింది. కాసేపాగి మళ్లీ కదిపింది. వణుకు ఎప్పుడు పోయిందో తెలియదు. ప్రసంగం సాగింది. వాన సాగింది. తల వాలిపోయింది.

ఉలిక్కిపడి కళ్లు తెరిచేసరికి తెర నల్లగా ఉంది. పెద్దలు కూర్చుంటూ, పాట పెట్టమని చెయ్యి ఊపుతున్నారు. ఆమె గబగబా ముందుకు వంగింది. మీట నొక్కింది. తెర వెలిగింది. మూలన బ్లూటూత్ గుర్తు భద్రంగా ఉంది. స్పీకర్లు పాడాయి.

"మామా, ఇది బాగానే ఉంది."

"మెల్లగా మాట్లాడు," అన్నాడాయన.

"ఎప్పటినుంచి?"

"పోయిన వానాకాలం నుంచి. కరెంటు ఆదా కోసం బ్లూటూత్‌ని ఆపెయ్యొచ్చని లోపల ఎక్కడో ఒక టిక్కు ఉంటుందట. మా మేనకోడలు తీసేసింది."

"మరి నన్నెందుకు కూర్చోబెట్టారు?"

ఆయన ఆమె చేతుల వైపు చూశాడు. ఫుఫు గిన్నె ముందుకు జరిపాడు.

"తిను. ఎవరితోనూ అనకు. వచ్చే శనివారం ఇంకో ఇంట్లో, ఇంకొకరి కోసం ఇది పాడై ఉండాలి."

సెర్వా కుడిచెయ్యి కడుక్కుంది. ఎడమచేత్తో, అక్కర్లేకపోయినా, ల్యాప్‌టాప్‌ని ఒకసారి తట్టింది.