ఉప్పు జాడీలో కాస్టిక్ సోడా

సబ్బుకు కావలసిన సరుకు దాచడంలో నాకు మా వీధిలో పెద్ద పేరు. కొబ్బరి నూనె, ఆముదం ఎండ తగలని అలమరలో ఉంటాయి. కుంకుడుకాయ పొడి గాజు సీసాలో ఉంటుంది. కాస్టిక్ సోడా మాత్రం గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఎవరికీ అందనంత ఎత్తున పెడతాను. దానికి చెమ్మ తగిలితే నీరు కారుతుంది. మన చెయ్యి తగిలితే చర్మాన్నే తినేస్తుంది. తెనాలి నుంచి నా దగ్గర సబ్బు నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు ముందు ఈ పాఠం చెప్పి, ఆ తరవాతే నూనె ముట్టుకోనిస్తాను.

చెప్పేటందుకే నీతులని ఊరికే అనలేదు. కిందటి వానాకాలం ఆ డబ్బా మూత కాస్తా పగిలింది. కొత్తది కొనేదాకా కదా అని సోడాను కవర్లో కట్టి వంటింటి గట్టు మీద పెట్టాను. పైన ఎర్ర స్కెచ్‌పెన్నుతో ముట్టుకోవద్దని రాశాను కూడా. అప్పటికి నెల రోజులుగా మా అత్తయ్య వేటపాలెం నుంచి వచ్చి అంగలకుదురులో మాతోనే ఉంటోంది. ఆవిడకు చదువు రాదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా తట్టలేదు చూడండి, అదీ నా తెలివి.

మర్నాడు నేను వంటింట్లోకి వెళ్లేసరికి ఆవిడ చెమ్మగిల్లిన ఆ తెల్లటి పెచ్చులను వేళ్లతో నలిపి ఉప్పు జాడీలో పోస్తోంది. అది ఉప్పేనని, చెమ్మకు నీరు కారుతోందని, పారేయడం దేనికని ఆవిడ ఉద్దేశం.

ఆ చెయ్యి లాగి కుళాయి కింద పెట్టాను. అరచెయ్యంతా ఎర్రగా కందిపోయి ఉంది. తప్పు నాది, అరిచింది ఆవిడ మీద. అంత మండుతుంటే వదిలెయ్యొద్దా అని కేకలేశాను.

ఆవిడ నావంక వింతగా చూసింది.

"మండిందమ్మాయ్. ఇరవై ఏళ్లు జీడిపిక్కలు కొట్టాను. ఆ జీడి రసం పడ్డప్పుడల్లా ఇట్టాగే మండేది. పనన్నాక చెయ్యి మండదా ఏంటి?"

ఇన్నేళ్లలో ఆ చేతులను ఒక్కసారి కూడా పట్టుకుని చూడలేదు నేను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. నీళ్లు వృథా అని ఆవిడ గొణుగుతున్నా అరగంట దాకా చెయ్యి వదల్లేదు. తరవాత డాక్టరుకు చూపించి, దారిలోనే కొత్త డబ్బా కొన్నాను. జాడీలో ఉన్నదంతా పారబోశాను.

మొన్న అట్లు పోస్తుంటే ఆవిడ వేలి మీద నూనె చుక్క పడింది. వెతికితే గానీ కనపడనంత మచ్చ. స్టవ్ ఆపేసి, నేను బట్టలు ఆరేస్తున్న చోటికి వచ్చి ఆ వేలు నా ముందుకు చాపింది.

"మండుతోందమ్మాయ్" అంది.