సర్వో పెట్టి కాల్చిన ట్రాన్స్‌ఫార్మర్

2022 వేసవి. చిలకలూరిపేటలో, హైవే పక్కన నా ఆంప్లిఫయర్ల రిపేరు షాపు. వెంకట్రామయ్య గారు ఆటోలో ఒక వాల్వు సెట్టు, అంటే పాతకాలపు గాజు వాల్వులతో పాడే ఆంప్లిఫయర్, తీసుకొచ్చారు. స్పిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ సెట్టు మొత్తం ఆయన చేతిపనే. స్పీకరుకు పాటను అందించే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా, రాగి తీగ చుట్లు లెక్కపెట్టుకుంటూ ఇంట్లోనే చుట్టుకున్నారు. ఇప్పుడాయనకు చేతులు వణుకుతాయి. సోల్డరింగ్ కూడా చేసుకోలేరు.

"కప్లింగ్ కెపాసిటర్లు లీకవుతున్నాయి అబ్బాయ్. అవి మార్చిచ్చెయ్. ఇంకేం కెలకమాక," అన్నారు.

ఒక వాల్వు నుంచి తర్వాతి వాల్వుకు పాటను వదిలి, డీసీ ఓల్టేజీని ఆపేది కప్లింగ్ కెపాసిటర్. మార్చడం గంట పని. కానీ అప్పట్లో నాకు సర్వో పిచ్చి పట్టుకుంది. కెపాసిటరే లేకుండా వాల్వుల్ని నేరుగా కలిపేస్తాం. వాల్వులో కరెంటు తగ్గితే పెంచుతూ, పెరిగితే తగ్గిస్తూ ఒక చిన్న ఐసీ కాపలా కాస్తుంది. అదే సర్వో.

"కెపాసిటర్ సౌండుకి అడ్డం బాబాయ్. సర్వో పెడతా, ఇక మార్చే బాధే ఉండదు."

"నాకు తెలీని సరుకయ్యా అది. ట్రాన్స్‌ఫార్మర్‌కేమన్నా అయితే మళ్ళీ చుట్టే చేతులు కావివి."

"పూచీ నాది," అన్నాను. ఎంత పొగరు!

సర్వోకి ఒక జబ్బుంది. వాల్వు వేడెక్కడానికి అర నిమిషం పడుతుంది. ఈలోగా కరెంటు రావడం లేదనుకుని సర్వో పెంచుకుంటూ పోతుంది. వాల్వు వేడెక్కగానే కరెంటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. అందుకని అంతసేపూ సర్వోని ఆపి ఉంచే టైమర్ పెట్టాను. వారం పాటు టెస్ట్ చేశాను. ఎంత బాగా పాడిందో! తీసుకెళ్ళి ఆయనింట్లో పెట్టొచ్చాను.

నా బుర్రకు తట్టనిది ఒకటే. మా బెంచీ మొత్తం ఇన్వర్టర్ మీద నడుస్తుంది. కరెంటు పోయిన సంగతే దానికి తెలియదు. ఆయనింట్లో ఇన్వర్టర్ ఫ్యాన్లకూ లైట్లకూ మాత్రమే, సెట్టు నేరుగా లైను కరెంటు మీదే. ఒక సాయంత్రం గాలివానకు కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చింది. పోయిన ప్రతిసారీ వాల్వులు చల్లారాయి. టైమర్ గడువు కొలుచుకునే చార్జి మాత్రం పూర్తిగా దిగలేదు. దాంతో అది గడువు అయిపోయిందనుకుని సర్వోని ముందే వదిలేసింది. చివరికి ఒక వాల్వు లోపలే షార్టయి, ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోయింది. అంతా కాలాక ఫ్యూజు పోయింది.

"వాసనొస్తందయ్యా," అని ఫోన్ చేశారు.

వెళ్ళేసరికి సెట్టు మూత తీసి, దాని ముందు కూర్చుని ఉన్నారు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను చుట్టిస్తా బాబాయ్. మీరు చెప్పిన లెక్కకే."

"చుడతావులే, పాడుద్ది కూడా. కానీ అది నీ సెట్టవుద్దయ్యా, నాది కాదు."

చుట్టాను. సర్వో పీకేసి, కెపాసిటర్లే పెట్టి తీసుకెళ్ళాను. ఆయన స్విచ్చి వేసి చూడలేదు. "ఆ మూలన పెట్టు," అన్నారు. నాకు మాత్రం కాఫీ ఇప్పించారు.

సర్వోలు ఇప్పటికీ పెడుతున్నాను. బెంచీని ఇన్వర్టర్ నుంచి తప్పించి, పదిసార్లు కరెంటు తీసి వేసి చూశాకే సెట్టు ఇస్తున్నాను. ఆ తప్పు దిద్దుకోవడం తేలికే అయింది. సొంతదారుడు వద్దన్న చోట చెయ్యి ఆపుకోవడం నేర్చుకోవడానికి మాత్రం, ఒక మనిషి ఇక మళ్ళీ చెయ్యలేని పనిని కాల్చిపడేశాను.